జైలెవరిది? పొలమెవరిది?

తెలుగు పుస్తకాల్లో ముస్లింకి ఉన్నవి రెండే బొమ్మలు. ఒకటి నవాబు. ఇంకొకటి నేరస్తుడు. నవాబు చరిత్ర పుస్తకంలో ఉంటాడు, నేరస్తుడు దినపత్రికలో ఉంటాడు. ఈ రెండింటికీ మధ్య నాగలి పట్టినవాడు, కౌలుకు చేసుకునేవాడు, కల్లం దగ్గర గింజలు కొలిచి అప్పగించి ఖాళీ చేతులతో ఇంటికొచ్చేవాడు ఎక్కడా కనపడడు. ఊళ్ళో కనపడతాడు, పుస్తకంలో కనపడడు. రాజ్యాలేలినవాళ్ళు మీకింకా ఏం తక్కువ అని మనల్ని అడిగేవాళ్ళలో చాలామందికి తమ ఊరి దూదేకుల సాయిబుకి ఎన్ని కుంటల భూమి ఉందో తెలుసు. తెలిసీ అడుగుతారు.

కౌలుదారు సర్కారీ రికార్డుల్లో నేరస్తుడుగా ఎట్లా మారాడో చూడాలంటే మలబారు పోవాలి. మలబారు మనకు పరాయి దేశం కాదు. 1921లో కోస్తా జిల్లాలూ, రాయలసీమా, మలబారూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. తెలంగాణ నిజాం కింద వేరుగా ఉంది. మలబారు రైతును పాలించిన మంత్రివర్గానికి పెద్ద పానగల్లు రాజా రామరాయణింగారు, కాళహస్తి సంస్థానం మనిషి. వ్యవసాయ మంత్రి కూర్మా వెంకటరెడ్డినాయుడు. ఇద్దరూ తెలుగువాళ్ళే. మలబారు ఖైదీల్ని తీసుకొచ్చి పెట్టిన పెద్ద జైళ్ళలో ఒకటి బళ్ళారి. బళ్ళారి అప్పటికి దత్తమండలంలో భాగం. కాబట్టి ఇది మన ప్రభుత్వం గురించిన కథే.

ముందు ఆ ప్రభుత్వం ఎట్లాంటిదో చెప్పుకోవాలి. 1919 చట్టంతో బ్రిటిషువాళ్ళు రాష్ట్రాలకు కొంత అధికారం దించారు. ఏ శాఖ ఎవరి కిందకు పోతుందో చెప్పే నిబంధనలకు వాళ్ళు పెట్టుకున్న పేరే అధికార బదిలీ నిబంధనలు. వాటి ప్రకారం రాష్ట్రం పనులు రెండు కుప్పలు. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు, వ్యవసాయం, సహకార సంఘాలు, పరిశ్రమలు, ఆబ్కారీ లాంటివి మంత్రులకు అప్పగించారు. ఆ మంత్రులు శాసనమండలికి జవాబు చెప్పాలి. పోలీసు, న్యాయం, జైళ్ళు, భూమి శిస్తు, నీటిపారుదల, అడవులు, ఆర్థికం మాత్రం గవర్నరు, అతని ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ అట్టిపెట్టుకున్నారు. వాళ్ళు జవాబు చెప్పుకోవలసింది లండన్‌కి. మండలిలో సభ్యులు ప్రశ్నలు అడగొచ్చు, తీర్మానాలు చేయొచ్చు, పద్దుల మీద కోత పెట్టొచ్చు. అట్టిపెట్టుకున్న శాఖ పద్దుకి కోత పడితే, ఇది అత్యవసరం అని గవర్నరు ఒక కాగితం రాసి మళ్ళీ పెట్టుకునేవాడు. దీన్నే ద్వంద్వ ప్రభుత్వం అన్నారు. ఓటు హక్కు ఉన్నది నూటికి ముగ్గురికి. ఆ ముగ్గురూ పన్ను కట్టేవాళ్ళు, అంటే ఆస్తి ఉన్నవాళ్ళు.

ఈ ఏర్పాటు గురించి వెంకటరెడ్డినాయుడు 1924లో మడ్డిమన్ కమిటీ ముందు చెప్పిన సాక్ష్యం చాలా ప్రసిద్ధం. రాజకీయ శాస్త్రం పాఠాల్లో ఇప్పటికీ వస్తుంది. తాను వ్యవసాయ మంత్రినే గానీ నీటిపారుదల తన చేతిలో లేదన్నాడు. రైతు అప్పుల చట్టం, భూమి బాగుచేసుకునే అప్పుల చట్టం తన చేతిలో లేవు. కరువు సాయం లేదు. అభివృద్ధి మంత్రికి అడవులు లేవు. పరిశ్రమల మంత్రికి ఫ్యాక్టరీలు లేవు, కరెంటు లేదు, గనులు లేవు, కార్మికులు లేరు. నీళ్ళూ అప్పూ భూమీ లేకుండా వ్యవసాయం అంటే ఇక మిగిలింది విత్తనాల ప్రదర్శనశాలలూ, ఎరువుల మీద ఉపన్యాసాలూ. ఈ సాక్ష్యాన్ని పండితులు రాజ్యాంగ విచిత్రంగా చదువుతారు. వెంకటరెడ్డినాయుడి హాస్య చతురతను మెచ్చుకుంటారు. ఆ మాటల కింద నలిగిన మనుషులెవరు అని అడిగినవాళ్ళు తక్కువ. పొలం తగాదా జైలు దాకా పోయినచోట ఈ రెండు కుప్పల ఏర్పాటు ఏం చేసిందో మలబారులో కనపడుతుంది.

మలబారులో భూమి జన్మిది. జన్మి అంటే పుట్టుకతో భూమి హక్కు ఉన్నవాడు, ఎక్కువగా నంబూద్రి బ్రాహ్మణుడు, లేదా పెద్ద నాయరు తరవాడు, లేదా కోవిలకం. వాళ్ళ దగ్గర కానం పట్టా తీసుకునేవాడు కానందారు, చాలావరకు నాయరు. అతని కింద వెరుంపాట్టం మీద దున్నేవాడికి ఏ హక్కూ లేదు. ఉత్త కౌలు. కౌలు ముదిరితే లేదా ఎక్కువ ఇచ్చేవాడు ఇంకొకడొస్తే వెళ్ళిపోవాలి. దక్షిణ మలబారులోని ఏరనాడు, వళ్ళువనాడు తాలూకాల్లో ఈ అట్టడుగు కౌలుదార్లలో, కూలీల్లో మాపిళ్ళ ముస్లింలు ఎక్కువ. ఇంగ్లిషువాడి నోట మోప్లాలయ్యారు. మైసూరు సుల్తానులు పోయి కంపెనీ వచ్చాక కోర్టులు జన్మిని పూర్తి యజమానిగా గుర్తించాయి. అంతకుముందు పంటలో తలా ఒక వాటా ఉన్న పద్ధతి పోయి, కోర్టు డిక్రీతో ఇంట్లోంచి బయటికి గెంటే పద్ధతి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దమంతా అక్కడ తిరుగుబాట్లు ఒకదాని వెంట ఒకటి జరిగాయి.

వాటికి కారణమేమిటి? ప్రభుత్వం ఇద్దరు అధికారుల్ని పంపి రెండుసార్లు అడిగింది. 1852లో వచ్చిన స్ట్రేంజ్, ఇది మతోన్మాదం అన్నాడు. భూమి తగాదా అసలు కారణం కాదన్నాడు. ఆయన మాట మీదే 1854లో మోప్లాల కోసమే ప్రత్యేక చట్టాలొచ్చాయి. ఒక ప్రాంతం మొత్తం మీద జుల్మానా వేయొచ్చు, కత్తులు లాక్కోవచ్చు, అనుమానం మీద పట్టుకోవచ్చు, దేశం దాటించొచ్చు. ఒక మతం వాళ్ళ పేరు చట్టం పేరులోనే ఉందన్నమాట. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1881లో, మలబారు కలెక్టరుగా పనిచేసిన విలియం లోగన్‌ని ప్రత్యేక కమిషనరుగా వేశారు. లోగన్ కచేరీలో కూర్చోలేదు. అర్జీలు తీసుకున్నాడు, లెక్కలు చూశాడు, మరుసటేడు నివేదిక ఇచ్చాడు. గొడవ మూలం భూమిలో ఉందన్నాడు, దున్నేవాడికి స్థిరమైన హక్కు ఇవ్వాలన్నాడు. లోగన్ పుస్తకం మలబార్ మాన్యువల్ అందరూ చదివారు. లోగన్ సిఫారసు ఎవరూ అమలుచేయలేదు. 1887లో ఒక చట్టం చేసి, వెళ్ళగొట్టేటప్పుడు కౌలుదారు వేసిన చెట్లకీ కట్టిన గట్లకీ పరిహారం ఇవ్వాలన్నారు. వెళ్ళగొట్టడం మాత్రం ఆగలేదు.

స్ట్రేంజ్ మాట ఎందుకు నిలబడిందో, లోగన్ మాట ఎందుకు పోయిందో ఆలోచించాలి. మతోన్మాదం అనే మాటలో ఒక సౌకర్యం ఉంది. ఆ మాట అన్నాక ప్రభుత్వం చేయవలసింది పోలీసు ఠాణా కట్టడం ఒక్కటే. భూమి కారణం అంటే జన్మిని పిలవాలి, కోర్టు డిక్రీలు తిరగదోడాలి, శిస్తు తగ్గించాలి, అంటే తన సంగతి తాను చూసుకోవాలి. ఉన్మాదికి కారణం అక్కర్లేదు. కాబట్టి ఉన్మాది విషయంలో సర్కారును కారణం అడిగేవాడూ ఉండడు.

1921 ఆగస్టు 20న తిరూరంగాడిలో మొదలైంది. ఖిలాఫత్, సహాయ నిరాకరణ సభలు అప్పటికే ఏడాదిగా జరుగుతున్నాయి. ఆ సభల్లో కౌలుదార్ల గోడు కూడా వినపడేది. ఖిలాఫత్ నాయకుల కోసం మసీదు దగ్గర సోదాలు చేశారు, జనం పోగయ్యారు, కాల్పులు జరిగాయి. అక్కణ్ణుంచి ఆరు నెలలు. ఆలీ ముసలియార్‌ని 1922 ఫిబ్రవరిలో కోయంబత్తూరు జైల్లో ఉరితీశారు. వారియన్‌కున్నత్ కుంజహమ్మద్ హాజీని జనవరిలో మలప్పురంలో కాల్చి చంపారు. సర్కారు లెక్కల్లో చనిపోయిన తిరుగుబాటుదార్లు 2,300 పైచిలుకు, పట్టుబడ్డవాళ్ళూ లొంగిపోయినవాళ్ళూ కలిపి 45 వేల పైచిలుకు.

ఇక్కడ ఒక సంగతి సూటిగా చెప్పాలి. ఆ తిరుగుబాటులో హిందువుల్ని చంపారు. బలవంతంగా మతం మార్చారు. ఇళ్ళు దోచారు. చనిపోయినవాళ్ళలో జన్మితో ఏ సంబంధమూ లేని పేదలున్నారు. రైతు తిరుగుబాటు అనే మంచి పేరు పెట్టినంత మాత్రాన ఇది మాసిపోదు. మనవాళ్ళ గురించి రాసేటప్పుడు మనమే ఈ మాట దాటవేస్తే, ఇతరులు తమ చరిత్ర దాటవేసినప్పుడు నిలదీసే హక్కు పోతుంది. అదే సమయంలో, కొందరు చేసిన దాన్ని చూపించి 45 వేల మందినీ ఒకే మాటతో జమకట్టేయడాన్ని కూడా ఒప్పుకోలేం. వాళ్ళల్లో హంతకులున్నారు, దోచుకున్నవాళ్ళున్నారు, సైన్యం వస్తోందని కొండెక్కినవాళ్ళున్నారు, ఊరు ఊరంతా లొంగిపోతే వాళ్ళతో పాటు లొంగినవాళ్ళున్నారు. వీళ్ళని వేరుచేయడం ప్రభుత్వం పని. ప్రభుత్వం వాళ్ళని రైలెక్కించింది.

1921 నవంబరు 19 సాయంత్రం తిరూరు స్టేషన్లో వందమంది ఖైదీల్ని ఒక సామాన్ల పెట్టెలో ఎక్కించి తలుపు బిగించారు. బళ్ళారి జైలుకు పంపాలని. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేది ఆ పెట్టె. మన జిల్లాల్లో ఆ రైల్వేని యెమ్మెస్సెమ్ అని పిలుచుకునేవాళ్ళు. సామాన్లకు గాలి అక్కర్లేదు కదా. లోపలున్నవాళ్ళు అరిచారు, తలుపు బాదారు. దారిలో షోరనూరు వచ్చింది, ఒలవక్కోడు వచ్చింది, బండి ఆగింది, తలుపు తీయలేదు. కోయంబత్తూరు దగ్గర పోదనూరు జంక్షన్లో తీశారు. మొత్తం 70 మంది పోయారు. కొందరు అక్కడే, కొందరు ఆసుపత్రిలో. మాపిళ్ళలతో పాటు కొద్దిమంది హిందువులు కూడా ఆ పెట్టెలో చనిపోయారు. తిరిగి తిరూరు పంపిన శవాలకి ఊరివాళ్ళు జనాజా నమాజు చేసి కోరంగాడ్ మసీదు దగ్గర ఖననం చేశారు.

దీనికి జవాబెవరు చెప్పాలి?

నాప్ అనే సివిల్ సర్వీసు అధికారి పెద్దగా విచారణ కమిటీ వేశారు. కమిటీకి దొరికిన సంగతుల్లో అన్నిటికంటే భయంకరమైనది, ఇది ఒక రాత్రి పొరపాటు కాదన్నది. అంతకుముందు కూడా ఖైదీల్ని ఇట్లాంటి పెట్టెల్లోనే పదే పదే తరలించారు. ఆ తరలింపుల్లో ఎవరూ చావలేదు, అందుకని ఎవరూ పట్టించుకోలేదు. చర్చంతా పెట్టె గాలి రంధ్రాల చుట్టూ, వెంట వెళ్ళిన సార్జెంటు చుట్టూ తిరిగింది. పై అధికారులెవరికీ శిక్ష పడలేదు. రైల్వే మాది కాదని జైళ్ళ శాఖ అనొచ్చు, ఖైదీలు మావాళ్ళు కారని రైల్వే అనొచ్చు, సైనిక శాసనం నడుస్తోందని సివిల్ అధికార్లు అనొచ్చు. పానగల్లు రాజా మంత్రివర్గానికైతే ఏమనవలసిన అవసరమూ రాలేదు. జైళ్ళు వాళ్ళ కుప్పలో లేవు. అరకొరగా అధికారం వచ్చిన చోట ఇదే జరుగుతుంది. అధికారం లేనివాడికి జవాబుదారీ లేకపోవడం న్యాయమే. మరి ఉన్నవాడు దొరకాలి కదా. ఉన్నవాడు సముద్రం అవతల ఉన్నాడు.

మన కౌమ్ పెద్దలు ఇక్కడొక మాట అనొచ్చు. ప్రాతినిధ్యం లేకపోవడం వల్ల ఇట్లా జరిగింది, మనవాడు ఒకడు పైన ఉంటే జరిగేది కాదని. కానీ మనవాడు పైనే ఉన్నాడు. గవర్నరు ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్లో అప్పుడు ముస్లిం సభ్యుడు మహమ్మద్ హబీబుల్లా. సామాన్యుడు కాదు, తర్వాత వైస్రాయి కౌన్సిల్‌కి కూడా వెళ్ళాడు. ఆయన తర్వాత మద్రాసు కౌన్సిల్లో మహమ్మద్ ఉస్మాన్ చేరాడు. 1934లో కొన్ని నెలలు మద్రాసుకు తాత్కాలిక గవర్నరు కూడా అయ్యాడు. పెట్టెలో చచ్చిన కౌలుదారు ఓటు వాళ్ళకు అక్కర్లేదు, గవర్నరు దయ కావాలి. పేరు ముస్లిం అయినంత మాత్రాన ఆ కుర్చీ మనకు జవాబు చెప్పే కుర్చీ కాలేదు. ప్రాతినిధ్యం వేరు, జవాబుదారీ వేరు. ఈ తేడా ఇప్పటికీ మనవాళ్ళకు చెప్పుకుంటూనే ఉండాల్సి వస్తోంది. వక్ఫ్ బోర్డు సభ్యుడో కార్పొరేషన్ చైర్మనో అయిన ప్రతిసారీ ఊరేగింపు తీస్తాం, తర్వాత ఏం చేశావని అడగడం మరిచిపోతాం.

బతికినవాళ్ళ సంగతి చూద్దాం. మద్రాసు జైళ్ళు నిండిపోయాయి. బళ్ళారి అలీపురంలో మొదటి యుద్ధంలో పట్టుబడ్డ తురకదేశం సైనికుల్ని ఉంచిన చోటు ఉంది. ఖలీఫా సైనికుల్ని పెట్టిన చోటే ఖిలాఫత్ పేరెత్తిన మాపిళ్ళలకు జైలయింది. రెండు దశాబ్దాల తర్వాత సత్యాగ్రహులైన మన తెలుగు కాంగ్రెసువాళ్ళు కూడా అలీపురం జైల్లో ఉన్నారు. వాళ్ళ స్వీయచరిత్రల్లో అక్కడి వంటా, వాలీబాలూ, హిందీ తరగతులూ వివరంగా ఉంటాయి. అంతకుముందు అక్కడున్నవాళ్ళు స్వీయచరిత్రలు రాయలేదు, వాళ్ళలో చాలామందికి చదువు రాదు.

ఇంకా జైళ్ళు చాలక అండమాన్ పంపారు. ఇందులో ఒక వింత ఉంది. 1919-20లో తిరిగిన భారత జైళ్ళ కమిటీ అండమాన్ శిక్ష ఎత్తేయమంది, ప్రభుత్వం 1921లో ఒప్పుకుంది కూడా. మరుసటేడే మాపిళ్ళలను ఓడలెక్కించడం మొదలుపెట్టింది. వెయ్యిమందికి పైగా వెళ్ళారు. తర్వాత వాళ్ళ భార్యాపిల్లల్ని కూడా పంపి అక్కడే స్థిరపరిచే పథకం వేశారు. మలబారు నుంచీ మద్రాసు నుంచీ ముస్లిం ప్రతినిధులూ, పత్రికలూ వ్యతిరేకించాయి. అధికార బదిలీ ఎంత డొల్లదో ఇక్కడ కూడా తెలుస్తుంది. ఖైదీ మద్రాసువాడు, జైలు మద్రాసుది, అండమాన్ కేంద్రానిది. మద్రాసులో అడిగితే ఢిల్లీ వైపు చూపిస్తారు. ఢిల్లీలో అడిగితే మద్రాసు కోరితేనే పంపామంటారు. పథకంలో వాళ్ళకి అడవి కొట్టుకుని సాగుచేసుకోమని భూమి ఇచ్చారు. మలబారులో లోగన్ ఇవ్వమన్నా ఇవ్వని భూమి ఖైదీలయ్యాక దీవిలో ఇచ్చారన్నమాట. ఇవాళ దక్షిణ అండమాన్‌లో మంజేరి, వండూర్, తిరూర్, కాలికట్, మన్నార్‌ఘాట్ అనే ఊళ్ళున్నాయి. వదిలొచ్చిన ఊరి పేర్లు వాళ్ళు అడవికి పెట్టుకున్నారు.

ఇటు పొలం సంగతి. తిరుగుబాటు అణచిన రెండేళ్ళకు, 1924లో, ఎం. కృష్ణన్ నాయర్ మద్రాసు మండలిలో మలబారు కౌలుదార్ల బిల్లు పెట్టాడు. రెండేళ్ళు నలిగి 1926లో మండలి ఆమోదం పొందింది. గవర్నరు గోషెన్ దానికి ఆమోదముద్ర వేయలేదు. వ్యవసాయ మంత్రికి దీంతో పనిలేదు, భూమి హక్కులు అవతలి కుప్పలోవి. తర్వాత తెలుగువాడే అయిన దివాన్ బహదూర్ టి. రాఘవయ్య అధ్యక్షతన కమిటీ వేశారు. చివరికి 1930లో చట్టం అమల్లోకొచ్చింది. చదివిచూస్తే గట్టి మేలు జరిగింది కానందారుకి. అట్టడుగున వెరుంపాట్టం మీద దున్నేవాడికి మిగిలింది తక్కువ. ఎందుకని అడగనక్కర్లేదు. నూటికి ముగ్గురి ఓటు లెక్కలో కానందారు ఉన్నాడు, ఏరనాడు మాపిళ్ళ లేడు. చట్టసభను అడిగే హక్కు ఎవరికి ఉంటుందో వాళ్ళకే చట్టం జవాబు చెప్పింది.

నా మట్టుకు నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇంకొకటి. జైలు ముస్లిం సమస్య అయిపోయింది. పొలం నాయరు కౌలుదార్ల సమస్య అయిపోయింది. ఖైదీల గురించి అడిగేది ప్రత్యేక నియోజకవర్గాల నుంచి వచ్చిన ముస్లిం సభ్యులు. అది దయాభిక్షలాగ, కౌమ్ తరఫు వినతిలాగ వినపడేది. కౌలు గురించి అడిగేది కౌలుదార్ల సంఘాల పెద్దలు. ఖైదీ, కౌలుదారు ఒకే మనిషి అని, అతని జైలుకి కారణం అతని పొలంలో ఉందని రెండు ప్రశ్నలనీ ఒక్క దారానికి గుచ్చి అడగడం గట్టిగా జరగలేదు. సర్కారు పెట్టిన రెండు కుప్పలు మన బుర్రల్లో కూడా రెండు కుప్పలయ్యాయి. మనం ఇవాళ్టికీ ఆ అలవాటులోనే ఉన్నాం. అరెస్టులు జరిగితే ముస్లిం సంఘాలు అడుగుతాయి. కౌలు గురించి రైతు సంఘాలు అడుగుతాయి. ఎవరి జెండా వాళ్ళది.

1935 చట్టంతో ద్వంద్వ ప్రభుత్వం రాష్ట్రాల్లో పోయింది. 1937 జూలైలో రాజగోపాలాచారి మంత్రివర్గం వచ్చింది. ఈసారి అన్ని శాఖలూ మంత్రులవే. ఆ పట్టిక చూడండి. రెవెన్యూ టంగుటూరి ప్రకాశం. వ్యవసాయం మునుస్వామి పిళ్ళై. కోర్టులూ జైళ్ళూ మలబారువాడైన కె. రామన్ మీనన్. నీటిపారుదల ఉండే పబ్లిక్ వర్క్స్ యాకూబ్ హసన్. ఈ యాకూబ్ హసన్‌ని 1921 ఫిబ్రవరిలో కాలికట్‌లో ఖిలాఫత్ సభలకు వచ్చినందుకు అరెస్టు చేసి జైల్లో పెట్టారు. పదహారేళ్ళ తర్వాత వెంకటరెడ్డినాయుడికి దక్కని నీళ్ళు ఆ ఖైదీ చేతికొచ్చాయి. వ్యవసాయం, భూమి, నీళ్ళు ఇప్పుడూ ముగ్గురి దగ్గరున్నాయి. అయితే ముగ్గురూ ఒకే సభలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. అడిగినవాడికి అవతలివైపు చూపించే వీలు తగ్గింది.

అంతమాత్రాన అంతా బాగైపోలేదు. ప్రకాశం కమిటీ జమీందారీ రైతుల గురించి 1938లో పెద్ద నివేదిక ఇచ్చింది. భూమికి హక్కుదారు రైతేనంది. మరుసటేడు శాసనసభ దాన్ని ఆమోదించింది. బిల్లు మాత్రం రాలేదు. యుద్ధం పేరు మీద 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. రైతు అప్పుల మీద 1938లో చేసిన చట్టం కొంత పనిచేసింది. మలబారు కౌలు మీద ఇంకో కమిటీ వేశారు. అందులో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ విడిగా అసమ్మతి పత్రం రాశాడు. నంబూద్రి జన్మి ఇంట పుట్టినవాడే జన్మి పద్ధతి పోవాలని రాశాడు. జైళ్ళ విషయంలో ఆ ప్రభుత్వం ఇంకా కంగాళీ. రాజకీయ ఖైదీల్ని వదిలిపెట్టిన చేతులే, నిర్బంధ హిందీకి ఎదురుతిరిగిన తమిళుల్ని బ్రిటిషు చట్టంతోనే వెయ్యిమందికి పైగా జైల్లో వేశాయి. నటరాజన్, తాళముత్తు అనే ఇద్దరు 1939లో ఖైదీలుగానే చనిపోయారు. అయితే ఒక తేడా ఉంది. ఈ చావులకి జవాబు చెప్పాల్సిన మనిషి పేరు మద్రాసులో ప్రతివాడికీ తెలుసు. ఆ పేరు పట్టుకుని తమిళనాడు ముప్ఫై ఏళ్ళు అడిగింది. తిరూరు పెట్టె విషయంలో అడగడానికి అట్లాంటి పేరు ఒక్కటి దొరకలేదు.

మన రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో జైళ్ళు నాలుగో అంశం, వ్యవసాయం పద్నాలుగు, భూమి పద్దెనిమిది. మూడూ ఒకే కుప్ప. అయినా పాత అలవాటు పోలేదు. 2007 మే నెలలో మక్కా మసీదు పేలుళ్ళ తర్వాత హైదరాబాదులో ముస్లిం యువకుల్ని పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ వేసిన అడ్వొకేట్ కమిషనరు ఆ హింస నిజమేనని నివేదిక ఇచ్చాడు. కోర్టులు వదిలిపెట్టాయి. జాతీయ మైనారిటీ కమిషన్ చెప్పాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 20 మందికి 3 లక్షల చొప్పున, ఇంకో 50 మందికి 20 వేల చొప్పున పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదంది. పట్టుకున్న పోలీసు రాష్ట్రానిది, పెట్టిన జైలు రాష్ట్రానిది, డబ్బు ఇచ్చింది రాష్ట్రం. తప్పు ఎవరిదన్న ప్రశ్న మాత్రం తిరూరులో తిరిగినట్టే తిరిగింది.

జ్ఞాపకం మీద కూడా అధికారం నడుస్తుంది. తిరూరు స్టేషన్ గోడ మీద వేసిన ఆ పెట్టె బొమ్మని 2018 నవంబరులో రైల్వేవాళ్ళే చెరిపేశారు. 2021లో భారత చరిత్ర పరిశోధన మండలి కమిటీ ఒకటి, స్వాతంత్ర్య అమరుల నిఘంటువు నుంచి మలబారు వాళ్ళ 387 పేర్లు తీసేయమంది. కారణం కొత్తదేం కాదు, స్ట్రేంజ్ 1852లో చెప్పిందే. మన మన్యంలో అదే ఏళ్ళలో అల్లూరి సీతారామరాజు ఫితూరీ జరిగింది. అడవి, పోడు, ముఠా హక్కులే అక్కడా మూలం. అందులో పట్టుబడి అండమాన్ శిక్ష పడిన గాం మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అది జరగవలసిందే, మనందరికీ గర్వమే. అదే ఓడలో అదే దీవికి వెళ్ళిన మాపిళ్ళ కౌలుదారుకి ఇంకా ఏ పేరు పెట్టాలో మనం తేల్చుకోలేదు.

పొలం దగ్గర కూడా పాత లెక్కే నడుస్తోంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు డబ్బు పట్టాదారు ఖాతాలోకి పోయింది, కౌలుదారుకి రాలేదు. వరంగల్లు, నల్గొండ పల్లెల్లో పత్తి కౌలుకు చేసే దూదేకులవాళ్ళూ, మాలమాదిగలూ, లంబాడాలూ ఒకే వరసలో నిలబడి ఆ డబ్బు వేరేవాళ్ళకి పోవడం చూశారు. ఆంధ్రలో 2011 చట్టం కౌలుదారుకి రుణ అర్హత కార్డు ఇవ్వమంది. 2019లో వచ్చిన రైతుభరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకు చోటిచ్చారు. మైనారిటీ అనే మాట వ్యవసాయ పథకంలో చూడటం మనకు కొత్త, అది ముందడుగే. అయితే అదే ఏడాది తెచ్చిన సాగుదారు హక్కుల చట్టం, కౌలుదారుకి కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలంది.